ఆర్కేడ్ గేమ్ బోర్డు: లోపం ఎక్కడుందో పట్టుకొని బాగుచేయడం ఎలా

ఆర్కేడ్ బోర్డు, అంటే నాణెం వేసి ఆడే వీడియో గేమ్ యంత్రంలోని సర్క్యూట్ బోర్డు, మరమ్మతులో చిప్పును మార్చడం అరగంట పని. ఏ చిప్పును మార్చాలో తేల్చుకోవడానికి మాత్రం ఒక్కోసారి మూడు సాయంత్రాలు పడుతుంది. కొత్తగా ఈ పనిలోకి దిగినవారు చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. తెర మీద అడ్డదిడ్డమైన గీతలు కనిపించగానే అనుమానం వచ్చిన ర్యామ్ చిప్పులన్నీ ఊడదీస్తారు, ఆ ఊడదీతలో రెండు ట్రాకులు (బోర్డు మీది సన్నని రాగి దారులు) లేచిపోతాయి, ఒక లోపంతో బల్ల మీదికి వచ్చిన బోర్డు మూడు లోపాలతో మిగులుతుంది. అందుకే కింద చెప్పిన క్రమంలో ఎక్కువ భాగం కొలవడానికీ చూడడానికీ పోతుంది. సోల్డరింగ్ ఐరన్ చివర్లో గాని వేడెక్కదు.

ఈ క్రమం 1970ల చివరి నుంచి 1990ల మధ్య దాకా వచ్చిన బోర్డులకు పనికివస్తుంది. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో 8080, 1980 నాటి ప్యాక్-మ్యాన్‌లో జెడ్80, 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2లో 68000 ప్రాసెసర్లు ఉన్నాయి. ప్రాసెసర్ మారినా వెతికే తీరు పెద్దగా మారదు.

పనిముట్ల విషయానికొస్తే, ఒక డిజిటల్ మల్టీమీటర్, ఒక పిన్ను మీద సున్నా ఉందో, ఒకటి ఉందో, పల్సులు ఉన్నాయో చూపే లాజిక్ ప్రోబ్, ఉష్ణోగ్రత నియంత్రణ ఉన్న సోల్డరింగ్ ఐరన్, సోల్డరును పీల్చే పంపు, ఈప్రామ్‌లను (ఆట ప్రోగ్రాము, బొమ్మలు ఉండే రోమ్ చిప్పులను) చదివి రాయగల ప్రోగ్రామర్ పరికరం ఉంటే సగానికి పైగా బోర్డులను లేపవచ్చు. రెండు చానెళ్ళ ఆసిలోస్కోప్ ఉంటే మిగతావాటిలో చాలా వాటి సంగతి కూడా చూడవచ్చు. బోర్డును ఆడించడానికి యంత్రం పెట్టెనే వాడనవసరం లేదు, వాడకపోవడమే మంచిది కూడా. పెట్టెలోని పిక్చర్ ట్యూబు మీద 20 వేల వోల్టుల దాకా, పెద్ద ట్యూబుల్లో అంతకు మించి విద్యుత్తు ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు నిలిచే ఉంటుంది. బోర్డును విడిగా బల్ల మీద పెట్టి, 5 వోల్టులు, 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు ఇచ్చే స్విచింగ్ పవర్ సప్లైతో, 15.7 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆర్‌జీబీ తెరతో కలిపి నడిపించండి. ఇలా బల్ల మీద ఆడించే అమరికనే సూపర్‌గన్ అంటారు.

కరెంటు ఇవ్వకముందు

బోర్డు చేతికి రాగానే ప్లగ్గు పెట్టాలన్న తొందరను కాసేపు ఆపుకోండి. మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో, ముందు వైపూ వెనక వైపూ అంగుళం అంగుళం చూడండి. సాకెట్లో ఉండాల్సిన చిప్పు లేకపోవడం, చిప్పు తిరగబడి ఉండడం, సాకెట్లోకి దిగాల్సిన ఒక కాలు లోపలికి మడిచిపోయి పైకి బాగానే దిగినట్టు కనిపించడం, బోర్డులను ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు వెనక వైపు పడిన గీతతో ట్రాకు తెగిపోవడం, ఇవన్నీ కంటితోనే దొరుకుతాయి. గీతలు పడిన చోట ట్రాకు తెగిందా లేక పైనున్న పచ్చని పూత మాత్రమే పోయిందా అన్నది మల్టీమీటర్ బీప్‌తో తేల్చుకోండి, చూపును నమ్మవద్దు.

బోర్డు మీద బ్యాటరీ ఉంటే దానికి ప్రత్యేకంగా సమయం కేటాయించాలి, ఎందుకంటే ఇక్కడ రెండు రకాల కథలున్నాయి. మొదటి రకం, స్కోర్లూ లెక్కలూ గుర్తుపెట్టుకోవడానికి పెట్టిన నికెల్-కాడ్మియం రీచార్జి బ్యాటరీ. 1990లో వచ్చిన నియో జియో ఎమ్‌వీఎస్ బోర్డులలో పలు వాటి మీద ఇలాంటి 3.6 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది కారినప్పుడు వచ్చేది క్షారం, చుట్టుపక్కల రాగిని మెల్లగా తినేస్తుంది. ట్రాకులు నల్లబడి, చిప్పుల కాళ్ళ మీద నీలం, పచ్చ రంగు పొక్కులు కనిపిస్తే బ్యాటరీని వెంటనే కత్తిరించి తీసేయండి. ఆ భాగానికి తెల్ల వెనిగర్ పూసి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, నీళ్ళతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఆ తరువాత నల్లబడిన చోట పూతను గీకి, కింద మెరిసే రాగి వచ్చిందాకా చూసి, పలుచగా సోల్డరు పూయాలి. రాగి మిగలని చోట సన్నని ఇన్సులేషన్ తీగతో ఒక చివర నుంచి మరో చివరకు కలపాలి. క్షారం సాకెట్ల కిందికీ రంధ్రాల లోపలికీ పాకుతుంది కాబట్టి, పైకి శుభ్రంగా కనిపించే సాకెట్‌ను కూడా ఆ పరిసరాల్లో ఉంటే తీసి చూడడమే మేలు.

రెండో రకం బ్యాటరీని తీయకూడదు, కనీసం విషయం తెలియకుండా తీయకూడదు. కొన్ని బోర్డులలో ప్రోగ్రామును గూఢలిపిలో ఉంచి, దాన్ని విప్పే తాళంచెవి లాంటి సమాచారాన్ని బ్యాటరీ ఆధారంతో నడిచే మెమరీలో దాచారు. క్యాప్‌కామ్ సీపీఎస్-2 బోర్డులు, సెగా ఎఫ్‌డీ1094 ప్రాసెసర్ ఉన్న బోర్డులు ఈ కోవకు చెందుతాయి. ఆ బ్యాటరీ అయిపోయినా, మీరు తొందరపడి పీకినా ఆట శాశ్వతంగా ఆగిపోయినట్టే కనిపిస్తుంది. సీపీఎస్-2కు పోయిన తాళంచెవిని మళ్ళీ ఎక్కించే పద్ధతి ఇప్పుడు ఉంది గాని, పోగొట్టుకోకుండా ఉండడం అంతకన్నా సులువు.

చూడడం అయ్యాక, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి బోర్డు మీది 5 వోల్టుల లైనుకూ గ్రౌండుకూ మధ్య కొలవండి. పదుల ఓమ్‌ల నుంచి కొన్ని వందల ఓమ్‌ల దాకా ఏది వచ్చినా ముందుకు వెళ్ళవచ్చు. ఒకటి రెండు ఓమ్‌లు మాత్రమే వస్తే ఎక్కడో షార్ట్ ఉంది. అలాంటప్పుడు నేను మొదట అనుమానించేవి టాంటలమ్ కెపాసిటర్లు, ముఖ్యంగా ఎడ్జ్ కనెక్టర్ (బోర్డును యంత్రానికి కలిపే అంచు) పక్కన ఉన్నవి.

కనెక్టర్, 5 వోల్టులు

1980ల మధ్య నుంచి వచ్చిన బోర్డులలో ఎక్కువ వాటికి జామా అనే ప్రమాణం ప్రకారం 56 పిన్నుల ఎడ్జ్ కనెక్టర్ ఉంటుంది, విడిభాగాలున్న వైపు 28, సోల్డరు వైపు 28. గ్రౌండ్ 1, 2 పిన్నుల మీదా, 27, 28 మీదా వస్తుంది. 5 వోల్టులు 3, 4 మీద, మైనస్ 5 వోల్టులు 5 మీద, 12 వోల్టులు 6 మీద వస్తాయి. సోల్డరు వైపు వాటికి ఎదురుగా ఉన్నవీ అవే. ఏడో పిన్ను స్థానంలో కనెక్టర్ తిరగబడకుండా అడ్డంగా ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉండాలి. పాత కనెక్టర్లలో అది ఊడిపోయి ఉండడం మామూలే. అది లేని కనెక్టర్‌ను తలకిందులుగా పెడితే గ్రౌండ్ రెండు చివరలా ఉంది కాబట్టి గ్రౌండ్ సరిగ్గానే అందుతుంది, 5 వోల్టులు అందవు, 12 వోల్టులు మాత్రం నేరుగా 23వ పిన్ను మీదికి, అంటే రెండో బటన్ లైను మీదికి వెళ్తాయి. ‘ఆట అంతా బాగుంది, ఒక బటన్ మాత్రం పనిచేయదు’ అనే బోర్డు చేతికొచ్చినప్పుడు, ఆ బటన్ రెండోదైతే జరిగిన కథ ఇదే అయి ఉండవచ్చని ఊహించి, ఆ లైను చేరే బఫర్ చిప్పును, అంటే సంకేతాన్ని అందుకొని ముందుకు పంపే చిప్పును, ముందు చూడండి.

బోర్డు అంచున ఉన్న బంగారు లేదా టిన్ను పూత వేళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆల్కహాల్‌తో తుడవండి. ఇసుక కాగితం వాడితే పూతే పోతుంది.

ఇప్పుడు కరెంటు ఇచ్చి 5 వోల్టులను కొలవండి. కొలవాల్సింది పవర్ సప్లై దగ్గర కాదు, బోర్డు మీద, అదీ కనెక్టర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న ఒక చిప్పు కాళ్ళ మీద. 14 కాళ్ళ మామూలు టీటీఎల్ చిప్పులో (5 వోల్టుల మీద నడిచే 74 వరుస లాజిక్ చిప్పు) 7 గ్రౌండ్, 14 పాజిటివ్. 16 కాళ్ళదైతే 8, 16. 20 కాళ్ళదైతే 10, 20. ఈ చిప్పులకు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి, 5.00 నుంచి 5.10 మధ్య నిలిచేటట్టు సప్లై మీది స్క్రూతో సర్దండి. సప్లై దగ్గర 5.1 ఉండి చిప్పు దగ్గర 4.6 మాత్రమే ఉంటే, స్క్రూ తిప్పి సప్లైని పెంచడం తప్పు. ఆ అర వోల్టు వైర్లలోనో కనెక్టర్‌లోనో పోతోంది, పోయేచోట వేడిగా మారుతోంది. రెండు బోర్డులను రిబ్బన్ కేబుళ్ళతో కలిపిన ఆటల్లో ఈ పోగొట్టుకోవడం ఆ కేబుళ్ళలో కూడా జరుగుతుంది. ఆట మొదలై, పది నిమిషాలకు దానంతట అదే మళ్ళీ మొదలయ్యే బోర్డుల్లో ఎన్నో ఈ ఒక్క కొలతతోనే బాగుపడ్డాయి.

గడియారం, రీసెట్

వోల్టేజీ సరిగ్గా ఉన్నా తెర మీద ఏమీ రాకపోతే, లేదా చెత్త గీతలు కదలకుండా నిలిచిపోతే, ప్రాసెసర్ దగ్గరికి వెళ్ళండి. ముందు క్లాక్, అంటే ప్రాసెసర్ అడుగులకు తాళం వేసే సంకేతం, చూడాలి. జెడ్80లో క్లాక్ 6వ పిన్ను, రీసెట్ 26. 6502లో క్లాక్ 37, రీసెట్ 40. 64 కాళ్ళ 68000లో క్లాక్ 15, హాల్ట్ 17, రీసెట్ 18. క్లాక్ మీద లాజిక్ ప్రోబ్ పల్స్ చూపాలి, స్కోప్ ఉంటే వేగం కూడా సరిపోలాలి. ప్యాక్-మ్యాన్ బోర్డులో 18.432 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని ఆరుతో భాగించి ప్రాసెసర్‌కు 3.072 మెగాహెర్ట్జ్ ఇస్తారు. స్ఫటికం దగ్గర సంకేతం ఉండి ప్రాసెసర్ దగ్గర లేకపోతే లోపం ఆ మధ్యలో భాగించే చిప్పులదే.

రీసెట్ పిన్ను కరెంటు ఇచ్చిన క్షణం కాసేపు కిందికి ఉండి, తరువాత పైకి వచ్చి అలాగే నిలబడాలి. పైకి రాకపోతే రీసెట్ సర్క్యూట్‌లోని కెపాసిటర్, ట్రాన్సిస్టర్, గేటు చూడండి. క్రమం తప్పకుండా, సెకనుకు ఒకటి రెండుసార్లో అంతకంటే వేగంగానో పైకీ కిందికీ కొట్టుకుంటుంటే అది వాచ్‌డాగ్ పని. ప్రోగ్రాము సజావుగా నడుస్తున్నంతసేపూ ఈ కావలికుక్కకు ‘నేను బతికే ఉన్నాను’ అని కబురు పంపుతూ ఉంటుంది. కబురు ఆగితే అది ప్రాసెసర్‌ను పట్టుకొని మళ్ళీ మొదటికి తెస్తుంది. అంటే వాచ్‌డాగ్ కొట్టుకోవడం రోగం కాదు, ప్రోగ్రాము ఎక్కడో తప్పిపోతోందనడానికి గుర్తు. పని సాగేంతవరకు దాన్ని ఆపి ఉంచడానికి చాలా బోర్డుల మీద జంపరో, టెస్ట్ పాయింటో ఉంటుంది.

ప్రాసెసర్ నడుస్తున్నా తప్పిపోతోందని తేలితే అడ్రస్ లైన్లను, అంటే మెమరీలో ఏ చోటు కావాలో ప్రాసెసర్ చెప్పే లైన్లను, ఒక్కొక్కటిగా పరీక్షించాలి. జెడ్80 బోర్డులకు నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. ఒక అదనపు సాకెట్ తీసుకొని, డేటా లైన్లకు చెందిన ఎనిమిది కాళ్ళు, అంటే 7, 8, 9, 10, 12, 13, 14, 15, బోర్డులోకి దిగకుండా పక్కకు వంచి, ఒక్కొక్కదాన్ని 1 కిలో ఓమ్ రెసిస్టర్‌తో గ్రౌండుకు కలపండి. 17వ పిన్ను, అంటే ప్రాసెసర్ పనిని మధ్యలో ఆపించే ఎన్‌ఎమ్‌ఐ, కూడా బోర్డులోకి దిగకుండా వంచి, అదే విలువ రెసిస్టర్‌తో 5 వోల్టులకు కట్టండి. ఈ సాకెట్ మీద జెడ్80ను పెట్టి, వాచ్‌డాగ్‌ను ఆపి నడిపితే, దానికి ప్రతిచోటా సున్నాయే కనిపిస్తుంది. సున్నా అంటే జెడ్80 భాషలో ‘ఏమీ చేయకు, ముందుకు నడువు’ అని. అది అడ్రస్‌లను వరుసగా లెక్కపెట్టుకుంటూ పోతుంది. ప్రతి ఆదేశానికి నాలుగు క్లాకులు పడతాయి కాబట్టి 4 మెగాహెర్ట్జ్ దగ్గర సెకనుకు పది లక్షల అడ్రస్‌లు దాటుతాయి, పై లైన్లలో ప్రతిదీ కిందిదాని వేగంలో సగంతో కదులుతుంది, అన్నిటికన్నా పైదైన ఏ15 సెకనుకు సుమారు 15 సార్లు పైకి వెళ్ళి కిందికి దిగుతుంది. ఈ వరుసలో ఏ లైనైనా కదలకపోతే, లేదా రెండు లైన్లు ఒకేలా కదిలితే, బఫర్ చిప్పో షార్టో దొరికినట్టే. అడ్రస్‌లను పంచే 74ఎల్‌ఎస్138, 139 లాంటి డీకోడర్ల అవుట్‌పుట్లు ఒకదాని తరువాత ఒకటి తమ వంతు వచ్చినప్పుడు కిందికి దిగుతున్నాయా లేదా అన్నదీ ఇదే సమయంలో చూసేయవచ్చు.

రోమ్‌లు

సాకెట్లో ఉన్న ఈప్రామ్‌లను ఒక్కొక్కటిగా తీసి, ప్రోగ్రామర్‌లో మూడేసి సార్లు చదివి, మూడుసార్లూ ఒకటే వచ్చిందో లేదో చూసి, ఆ మొత్తాన్ని మేమ్ అనే ఎమ్యులేటర్ (పాత ఆటలను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాము) గుర్తించే రోమ్‌ల సీఆర్‌సీ విలువలతో, అంటే సమాచారం సరిగ్గా ఉందో లేదో తేల్చే సరిచూపు సంఖ్యలతో, పోల్చండి. 1997లో మొదలైన ఈ ప్రాజెక్టు మరమ్మతు చేసేవారికి చేసిన మేలు చిన్నది కాదు: ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్ దాకా ఏ ర్యామ్ ఉంది, ఎక్కడ రాస్తే వాచ్‌డాగ్ ఊరుకుంటుంది అన్నది దాని సోర్స్ కోడ్‌లో ఆట ఆటకూ రాసి ఉంటుంది. సర్క్యూట్ పటం దొరకని బోర్డుకు అదే పటం.

తీసేముందు ఏ చిప్పు ఏ సాకెట్‌దో ఫొటో తీసుకోండి. 24 కాళ్ళ 2732, 2532 రెండూ 4 కిలోబైట్లవే అయినా కాళ్ళ అమరిక వేరు, ఒకదాని చోట మరొకటి పనిచేయదు. చదివిన ఈప్రామ్ కిటికీ మీద స్టిక్కర్ ఊడి ఉంటే కొత్తది అంటించండి. లోపలి సమాచారం చెరిగేది అతినీలలోహిత కాంతితోనే. చదవగా సరిగ్గా వచ్చిన చిప్పును తిరిగి పెట్టాక ఆట నడిస్తే ఆశ్చర్యపోవద్దు, పాడైంది సాకెట్ మాత్రమే. ఒకే వైపు నుంచి రేకు ఆనించే చౌకరకం సాకెట్లు ఏళ్ళు గడిచాక పట్టు వదులుతాయి. వాటిని శుభ్రం చేసి సంతృప్తి పడేకన్నా రెండు వైపులా పట్టే రకానికి మార్చేయడమే నా పద్ధతి.

ర్యామ్, ర్యామ్ పేరుతో వచ్చే అబద్ధాలు

ఆటలు చాలా వరకు మొదలయ్యేటప్పుడు తమ ర్యామ్‌ను తామే పరీక్షించుకొని, తేడా ఉంటే తెర మీద చెప్తాయి. ఆ సందేశాన్ని సాక్షి మాటగా తీసుకోవాలి గాని తీర్పుగా తీసుకోకూడదు. ప్రాసెసర్‌కు తెలిసేది ‘నేను రాసింది నాకు తిరిగి రాలేదు’ అన్నంతవరకే. దారిలో ఎవరు మింగారో దానికి తెలియదు.

ఈ సంగతి నాకు చేదుగా తెలిసింది. ఒక బోర్డు తెర మీద ఒక ర్యామ్ స్థానం చూపించి ఆగిపోయింది. ఆ 6116 ర్యామ్ చిప్పును తీసి, సాకెట్ వేసి, కొత్తది పెట్టాను. సందేశంలో అక్షరం కూడా మారలేదు. తీసినదాన్ని ప్రోగ్రామర్‌లో పరీక్షిస్తే నిక్షేపంలా ఉంది. అప్పుడు గాని దానికీ ప్రాసెసర్‌కూ మధ్యనున్న 74ఎల్‌ఎస్245 బఫర్ చిప్పు వైపు చూడలేదు. లాజిక్ ప్రోబ్ పెడితే దాని కాళ్ళన్నిటి మీదా పల్సులున్నాయి, ఎందుకంటే ప్రాసెసర్ వైపు లైన్ల మీద రోమ్‌లు కూడా మాట్లాడుతూనే ఉంటాయి. స్కోప్ మొదటి చానెల్‌ను ఎనేబుల్ (చిప్పును తెరిచే, మూసే సంకేతం) అయిన 19వ పిన్ను మీద, రెండోదాన్ని అవుట్‌పుట్ల మీద ఒక్కొక్కటిగా పెట్టాను. ర్యామ్‌ను చదివేందుకు 19 కిందికి దిగిన ప్రతిసారీ 13, 15 పిన్నులు తెగువగా పైకో కిందికో వెళ్తున్నాయి. 14వ పిన్ను మాత్రం 1.5 వోల్టుల దగ్గర గాలిలో వేలాడుతోంది. దానికి ఎదురుగా లోపలికి వెళ్ళే 6వ పిన్ను మీద సంకేతం చక్కగా ఉంది. చిప్పులోకి పోతోంది, బయటికి రావడం లేదు. దాన్ని మార్చగానే ఆట లేచింది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

ఈ 1.5 వోల్టుల లెక్కను గుర్తుంచుకోండి. టీటీఎల్ ప్రకారం 0.8 కన్నా కింద ఉంటే సున్నా, 2.0 కన్నా పైన ఉంటే ఒకటి. మధ్యలో వేలాడే అవుట్‌పుట్ తెగిపోయిందని గాని, ఆ క్షణానికి దాన్ని ఎవరూ నడపడం లేదని గాని అర్థం. రెండు అవుట్‌పుట్లు ఒకే లైను మీద పోట్లాడుకుంటున్నా స్కోప్‌లో ఇలాంటి సగం ఎత్తు మెట్లే కనిపిస్తాయి. అప్పుడు ఏ రెండు చిప్పుల ఎనేబుల్‌లు ఒకేసారి తెరుచుకుంటున్నాయో చూడాలి.

సోల్డరు తీయకుండా ర్యామ్‌ను అనుమానించడానికి ఒక అడ్డదారి ఉంది: అదే రకం మంచి చిప్పును అనుమానం ఉన్నదాని వీపు మీద, అన్ని కాళ్ళూ ఆనేటట్టు, కరెంటు ఆపి, అదిమి పెట్టి నడపడం. 2114, 6116 లాంటి వాటికి ఇది తరచూ పనిచేస్తుంది. కింది చిప్పు అవుట్‌పుట్ తెగి ఉంటే పైది ఆ పని చేస్తుంది. లోపల గ్రౌండుకు అతుక్కుపోయి ఉంటే మాత్రం పైది ఏమీ చేయలేదు. కాబట్టి ఫలితం రాకపోవడం కింది చిప్పు మంచిదనడానికి రుజువు కాదు. మల్టీమీటర్ డయోడ్ స్థానం కూడా అక్కరకొస్తుంది: కరెంటు తీసి, ఎర్ర తీగను గ్రౌండు మీద, నల్ల తీగను ఒక్కో డేటా పిన్ను మీద పెట్టి చూస్తే ఎనిమిదీ దాదాపు ఒకే విలువ చూపాలి. ఏడు 0.6 దగ్గర ఉండి ఒకటి 0.1 చూపితే దొంగ ఆ లైను మీదే ఉన్నాడు.

బొమ్మ తప్పుగా వస్తుంటే

ఆట నడుస్తూ, శబ్దాలు వస్తూ, బొమ్మ మాత్రమే చెడితే మీ పని సగం అయినట్టే, ఎందుకంటే ప్రాసెసర్, దాని రోమ్, దాని ర్యామ్ బాగున్నాయని బోర్డే చెబుతోంది. తెరలో ఏది చెడిందో వేరుచేయండి. వెనకటి దృశ్యం, అక్షరాలు సరిగ్గా ఉండి కదిలే పాత్రలు మాత్రమే చెడితే స్ప్రైట్ల దారిలో వెతకాలి. అందరూ బాగుండి వెనకటి దృశ్యం చెడితే టైల్స్ దారిలో. బొమ్మలు సరైన చోటే ఉండి వాటి లోపల సన్నని నిలువు చారలు సమాన దూరంలో వస్తుంటే గ్రాఫిక్స్ డేటాలో ఒక లైను పోయింది. సరైన బొమ్మలు తప్పు స్థానాల్లో వచ్చినా, ఒకే ముక్క జంటలు జంటలుగా కనిపించినా అడ్రస్ వైపు లైను అతుక్కుంది. వీడియో ర్యామ్ ముందు ఉండి రెండు అడ్రస్‌లలో ఒకదాన్ని ఎంచి పంపే 74ఎల్‌ఎస్157 చిప్పులను అనుమానించండి. ఆకారాలు సరిగ్గా ఉండి రంగులే తారుమారైతే రంగుల పట్టికను ఉంచే పాలెట్ ర్యామ్ దగ్గరికి వెళ్ళండి. ఒక రంగు మొత్తం లేకపోతే ముందు కనెక్టర్‌లో ఎరుపు 12, నీలం 13, ఆకుపచ్చ 12కు సోల్డరు వైపు ఎదురుగా ఉన్న ఎన్ పిన్ను అన్నీ అందుతున్నాయో చూసి, తరువాతే బోర్డు మీదికి రండి.

1980ల చివరి నుంచి వచ్చిన బోర్డుల మీద వందకు పైగా సన్నని కాళ్ళున్న చదరపు చిప్పులు కనిపిస్తాయి. వాటి లోపల లోపం వస్తే దాతగా మరో బోర్డు దొరికితే తప్ప చాలా వాటికి మార్గం లేదు, కాని అనుమానించాల్సింది ముందు వాటి కాళ్ళనే. గుండుసూది మొనతో ప్రతి కాలినీ పక్కకు చాలా మెల్లగా తాకుతూ పోతే సోల్డరు వదిలిన కాలు కదులుతుంది. చిప్పు మీద వేలితో మెత్తగా నొక్కినప్పుడు బొమ్మ మారితే అదే సూచన.

శబ్దం

దీనికి ఎక్కువ సమయం పట్టదు. వాల్యూమ్ తిప్పుడు రెసిస్టర్‌ను అటూ ఇటూ తిప్పి చూడండి, ఏళ్ళ తరబడి కదలక తుప్పు పట్టి ఉంటుంది. తరువాత యాంప్లిఫైయర్ చిప్పుకు 12 వోల్టులు అందుతున్నాయో కొలిచి, దాని ఇన్‌పుట్ పిన్నును స్క్రూడ్రైవర్ మొనతో తాకండి. స్పీకర్‌లో గుర్రుమంటే యాంప్లిఫైయర్ బతికే ఉంది, లోపం అంతకు ముందు దశలో ఉంది. శబ్దం పీలగా, గీరుకుపోతూ వస్తుంటే అక్కడి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మార్చండి. బోర్డు మీది కెపాసిటర్లన్నిటినీ గంపగుత్తగా మార్చే అలవాటుతో మాత్రం నేను ఏకీభవించను. డిజిటల్ లోపాల్లో వాటి పాత్ర చాలా తక్కువ, తవ్విన ప్రతి రంధ్రమూ ఒక కొత్త ప్రమాదం.

చిప్పును తీయడం

పాడైందని నిశ్చయమైన చిప్పును కాపాడాల్సిన పని లేదు. చిన్న కటింగ్ ప్లయర్‌తో కాళ్ళను చిప్పు ఒంటి దగ్గర కత్తిరించి, శరీరాన్ని ఎత్తేసి, మిగిలిన కాళ్ళను ఒక్కొక్కటిగా వేడిచేసి ట్వీజర్‌తో లాగండి. ఐరన్ 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే చాలు. పాత సోల్డరు కరగకుండా మొండికేస్తే దాని మీద కొంచెం కొత్త సోల్డరు కలిపి, ఆ తరువాత పంపుతో పీల్చండి. గ్రౌండ్, 5 వోల్టుల కాళ్ళు వెడల్పాటి రాగికి అతికి ఉంటాయి కాబట్టి వేడి అటు పారిపోయి, అక్కడ ఎక్కువసేపు పడుతుంది. కాలు రాకపోతే లాగకండి, మళ్ళీ వేడిచేయండి. రెండు పొరల బోర్డులో బలంగా లాగితే రంధ్రం లోపలి రాగి గొట్టం కాలితో పాటు ఊడి వచ్చి, పైనున్న ట్రాకుకూ కిందనున్న ట్రాకుకూ సంబంధం తెగిపోతుంది. సాకెట్ వేశాక, చిప్పు పెట్టకముందే, ప్రతి పిన్ను నుంచి అది వెళ్ళాల్సిన తరువాతి చిప్పు దాకా బీప్ వస్తోందో లేదో, పక్క పిన్నుతో బీప్ రాకుండా ఉందో లేదో రెండూ చూసుకోండి.

ఆట లేచిందని వెంటనే పెట్టెలో బిగించకండి. ఆడించకుండా డెమో దృశ్యాలతోనే మూడు నాలుగు గంటలు నడవనిచ్చి, మధ్యమధ్య 5 వోల్టులను అదే దూరపు చిప్పు మీద కొలవండి. తరువాత ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మర్నాడు మళ్ళీ చల్లగా ఉండగానే వేసి చూడండి. వేడిలో మాత్రమే వచ్చే లోపాలూ, చల్లదనంలో మాత్రమే వచ్చే లోపాలూ వేరువేరు. మార్చిన చిప్పు సంఖ్య, దాని స్థానం, తేదీ ఒక చిన్న కాగితం మీద రాసి బోర్డుతో పాటే సంచిలో ఉంచండి. అదే బోర్డు మళ్ళీ పాడై ఎవరి బల్ల మీదికి చేరినా, వారు మొదట చదివేది ఆ కాగితాన్నే.